చిలికా దీవులు - మన పాత ఎల్ల

చెన్నై నుంచి కలకత్తా పోయే రైలులో బరంపురం దాటి, ఛత్రపురం, గంజాం, హుమ్మా స్టేషన్లు గడిచి రంభ చేరేసరికి కుడివైపు కిటికీ నిండా నీరు కనిపిస్తుంది. కొత్తవారు దానిని సముద్రమే అనుకొంటారు. సముద్రమైతే ఇంత నెమ్మదిగా ఉన్నదేమి, నీటి నడుమ ఈ కొండలు ఎక్కడివి అని కొంతసేపు ఆశ్చర్యపడతారు. అది చిలికా సరస్సు అని పక్కనున్న పెద్దమనిషి చెప్పేలోపల బండి బాలుగావ్ దాటిపోతుంది. గంజాం, పూరీ, ఖుర్దా ప్రాంతాలలో తరతరాలుగా కాపురముంటున్న మన తెలుగువారిలో కూడా చాలామంది చిలికాను ఈ విధంగా చూచినవారే. నావ ఎక్కి దీవులు చుట్టి వచ్చినవారు తక్కువ. చుట్టి వచ్చినవారిలోనైనా, ఆ నీళ్ళమీద మన తాతముత్తాతల చరిత్ర ఎంత ఉన్నదో ఆలోచించినవారు మరీ తక్కువ.

మొన్న సంక్రాంతి వెళ్ళిన తరువాత మా సంఘంలోని కొన్ని కుటుంబాలవారం కలిసి రంభలో ఒక పూట, బర్కుల్‌లో ఒక పూట నావలమీద తిరిగి వచ్చాము. పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ బిందె, పిల్లల అల్లరి, ఇవన్నీ మామూలే. వాటిని గురించి రాయడం లేదు. ఆనాడు దీవి దీవికీ మేము చెప్పుకొన్న కథలను, తిరిగి వచ్చిన తరువాత పుస్తకాలు తిరగవేసి సరిచూచుకొన్న సంగతులను ఈ ఉగాది సంచికలో మన కుటుంబాలవారికి మనవి చేస్తున్నాము.

ముందు సరస్సు సంగతి. చిలికా మంచినీళ్ళ చెరువూ కాదు, సముద్రమూ కాదు. ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవీ నదులు మంచినీరు తెచ్చి పోస్తాయి. తూర్పున సన్నని ఇసుక కట్టకు అవతల బంగాళాఖాతం. ఆ కట్టలో ఉన్న గండిగుండా పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి వస్తుంది. వానాకాలంలో దీని విస్తీర్ణం 1,165 చదరపు కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. ఎండాకాలంలో 906 చదరపు కిలోమీటర్లకు తగ్గుతుంది. పొడవు సుమారు 64 కిలోమీటర్లు. భారతదేశంలో ఇటువంటి ఉప్పునీటి కయ్యలలో ఇదే పెద్దది. దీని తరువాతిది మన నెల్లూరు సీమ చివరనున్న పులికాట్. ఇంత వెడల్పున్నా లోతు మాత్రం స్వల్పం. చాలాచోట్ల గెడవేసి నడపవచ్చును. మూడు జిల్లాలు, పూరీ, ఖుర్దా, గంజాం, ఈ నీటిని పంచుకొన్నాయి.

ఈ సరస్సు ఎట్లా పుట్టిందని అడిగితే ఒడియావారు ఒక కథ చెబుతారు. రక్తబాహువనే ఓడదొంగల రాజు పూరీని దోచుకోవడానికి ఓడలలో వచ్చి సముద్రంలో దాగి ఉన్నాడట. ఓడలనుంచి పారవేసిన చెత్త ఒడ్డుకు కొట్టుకొని రావడంతో పూరీ జనం సంగతి కనిపెట్టి, జగన్నాథస్వామి విగ్రహాలను తీసుకొని ఊరు వదిలిపోయారు. ఉత్త నగరాన్ని చూచి రక్తబాహువు తన గుట్టు బయటపెట్టిన సముద్రంమీద కోపగించి సేనను పురికొల్పాడు. సముద్రుడు వెనక్కు తగ్గినట్లే తగ్గి, ఒక్క ఉరుకున వచ్చి ఆ సేననంతా ముంచివేశాడు. అట్లా భూమిమీదికి వచ్చి నిలిచిపోయిన నీరే చిలికా. శాస్త్రజ్ఞులు చెప్పేది దీనికి తలకిందులు. వేల యేండ్ల క్రితం ఇది సముద్రంలో ఒక అఖాతం. తీరం వెంట దక్షిణంనుంచి ఉత్తరానికి కదిలే ఇసుక పేరుకొని, కట్టగా ఎదిగి, ఆ అఖాతాన్ని సముద్రం నుంచి వేరు చేసింది. అప్పటి తీరపు కొండలే నేటి దీవులు. కథలో సముద్రం ముందుకు వచ్చింది. శాస్త్రంలో ఇసుక అడ్డు వచ్చింది. సముద్రానికీ నేలకూ ఇక్కడ తగవు జరిగిందన్న మాట మాత్రం రెంటిలోనూ ఉన్నది.

చిలికా దక్షిణపు కొసలో, మూడువైపులా కొండలు మూసి ఉన్న భాగమే రంభ అఖాతం. ఇక్కడి రేవులో మేము ఎక్కిన నావ సరంగు ముసలివాడు. మేము తెలుగు మాట్లాడుకొంటుంటే విని, "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగులోనే అడిగాడు. అతడు నొలియా. గంజాం తీరాన, పూరీ తీరాన తెప్పలమీద చేపలు పట్టే తెలుగు జాలరులను ఒడియాలో నొలియాలంటారు. మీవాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వలస వచ్చారని మాలో ఒకరు అడిగితే, "వలసేటి బాబూ? ఇక్కడే పుట్టినాం. మా తాత రోజుల్లో ఇది మద్రాసోళ్ళ జిల్లా అని చెప్పీవోడు" అన్నాడు. చరిత్ర పుస్తకాలు పేజీలకొద్దీ చెప్పేదీ ఇదే. అతడు ఒక్క మాటలో చెప్పాడు.

రేవునుంచి కొంత దూరం పోగానే కుడిఎడమల చిన్న దీవులు వస్తాయి. ఒకదానిని బ్రేక్‌ఫాస్ట్ దీవి అంటారు. దానిమీద ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా పాడుపడిన గోడలు ఉన్నాయి. మరొకటి బీకన్ దీవి. ఘంటశిల కొండ దగ్గర, నీటిలోంచి లేచిన బండమీద శంఖు ఆకారపు స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ దానిని కట్టించాడు. రంభలో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద మేడకు కూడా 1790 ప్రాంతాలలో పునాది వేసినవాడు అతడే. తరువాత అది ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఈ దొరగారి విలాసాలకు లెక్కలేదని ప్రతీతి. కంపెనీవారు అతనిని పదవినుంచి తీసివేస్తే, లండనులో కంపెనీ కచేరీ ముందర వీధి ఊడ్చే వేషం వేసుకొని నిలబడి, వారిని సిగ్గుపరచి పింఛను సంపాదించుకొన్నాడని ఒక కథ గంజాం పాత పుస్తకాలలోకి ఎక్కింది. నిజానిజాలు ఎట్లా ఉన్నా, గంజాం రైతుల శిస్తు సొమ్ము చిలికా బండలమీద ఏ రూపం ధరించిందో తెలుసుకోవడానికి ఆ స్తంభం చాలును.

ఇంకొంచెం పెద్దది బడకుద దీవి. ఇంగ్లీషువారు బార్కుడా అన్నారు. ఇప్పుడు విహారానికి వచ్చేవారు హనీమూన్ దీవి అంటున్నారు. ఈ దీవికి లోకంలోని జంతుశాస్త్రజ్ఞుల దగ్గర మంచి పేరున్నది. 1913-14లో నెల్సన్ అనండేల్, స్టాన్లీ కెంప్ అనే శాస్త్రజ్ఞులు చిలికాలోని జీవరాశినంతా పరిశీలించారు. భారత జంతు సర్వేక్షణ శాఖ 1916లో ఏర్పడినప్పుడు దాని మొదటి అధిపతి ఈ అనండేలే. 1917లో ఆయన ఈ దీవి మట్టిలో ఒక వింత బల్లిని లోకానికి వెల్లడించాడు. దానికి కాళ్ళు లేవు. చూడడానికి వానపాము వలెనో, గుడ్డిపాము వలెనో ఉంటుంది. దానికి ఈ దీవి పేరునే పెట్టి బార్కుడియా అన్నారు. మా పిల్లలు సగంపూట మర్రిచెట్ల కింద ఆకులు తిరగవేసి చూచారు గాని దర్శనం కాలేదు. శాస్త్రజ్ఞులకే అది అరుదుగా కనిపిస్తుంది.

ఈ దీవులనుంచి దక్షిణంగా చూస్తే సరస్సుకూ సముద్రానికీ నడుమ పాలూరు కొండలు కనబడతాయి. చిలికా చరిత్రలో అన్నిటికంటె పాత పేరు ఇదే. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళజ్ఞుడు తన గ్రంథంలో పలూర అనే పట్టణాన్ని పేర్కొన్నాడు. తూర్పు సముద్రం దాటి సువర్ణభూమికి పోయే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే తావు దీనికి దగ్గరలోనే ఉన్నదని రాశాడు. ఆ పలూరయే ఈ పాలూరని చాలామంది పండితుల మతం. ఫ్రెంచి పండితుడు సిల్వేన్ లెవీ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. పలూరులో ద్రావిడ భాషల "పల్", అంటే దంతం, దానికి "ఊరు" చేరినదనీ, బౌద్ధ గ్రంథాలలోని కళింగ రాజధాని దంతపురం ఇదేననీ ఆయన వాదం. దంతపురం శ్రీకాకుళం దగ్గరిదేనని వాదించేవారు కూడా లేకపోలేదు. ఆ తగవు పండితులకు వదిలిపెట్టినా, రెండువేల యేండ్లనాటి రేవు పేరు చివర మన "ఊరు" వినబడడం మాకు ముచ్చట కలిగించింది.

ఏడవ శతాబ్దంలో చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఈ దారినే కళింగానికి దిగివచ్చాడు. అప్పుడు చిలికా ఒడ్డుసీమకు కొంగోదమని పేరు. శైలోద్భవ వంశపు రాజులు ఏలుతుండేవారు. ఆ వంశపు మాధవరాజు వేయించిన గంజాం తామ్రశాసనం గుప్త సంవత్సరం 300, అంటే క్రీ.శ. 619-20 నాటిది. కొంగోదం సముద్రపు మూలమీద ఉన్నదనీ, కొండలు ఎత్తైనవనీ, అక్కడివారు గవ్వలు, ముత్యాలు నాణెముగా వాడుతారనీ యాత్రికుడు రాశాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. వారి రాత మధ్యదేశపు రాతే గాని మాట తీరు మాత్రం వేరట. ఉత్తరాది భాష, దక్షిణాది భాష ఎదురెదురుగా వచ్చి ఒకదానినొకటి పలకరించుకొనే తావు ఇది అని ఆ పరదేశికి పదమూడు వందల యేండ్ల క్రితమే చెవికి తోచింది కాబోలు.

అప్పటినుంచి ఈ నీరు మాటిమాటికీ ఎల్ల అవుతూనే ఉన్నది. దగ్గరి కాలం సంగతే తీసుకొందాము. 1751లో ఒడిషా నాగపూరు మరాఠాల చేతికి పోయింది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా వలన, 1766లో నిజాముతో జరిగిన ఒప్పందం వలన ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి వచ్చాయి. ఆ సర్కారులలో ఉత్తరపు కొస గంజాం. అంటే చిలికాకు దక్షిణపు గట్టు కంపెనీది, ఉత్తరపు గట్టు మరాఠాలది. 1803 సెప్టెంబరులో కర్నల్ హార్‌కోర్టు మద్రాసు సేనను గంజాంలో బయలుదేరదీసి, సముద్రానికీ చిలికాకూ నడుమనున్న ఇసుక కట్టమీదుగానే మాణిక్యపట్నం చేరి, అక్కడ నీరు దాటి పూరీలో ప్రవేశించాడు. ఉత్తరాదిన ఆ రోజులలో కంపెనీ సిపాయిని "తెలంగా" అని పిలిచేవారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం. మనవారు ఒడిషాకు పోయింది కావడి కుండలతో మాత్రమే కాదు, పరాయివాని తుపాకి భుజాన వేసుకొని కూడా పోయారు. చరిత్ర చెప్పుకొనేటప్పుడు తీపి ఒక్కటే ఏరుకోరాదు గనుక ఈ మాట చెబుతున్నాము.

మరాఠాలు పోయినా ఎల్ల పోలేదు. రంభ, ఖల్లికోట మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. బాణపురం, పరికుద బంగాళా రాజధానిలో పూరీ జిల్లా. ఒక గట్టుమీద కలెక్టరు మద్రాసుకు రాసుకొనేవాడు, రెండవ గట్టుమీద కలెక్టరు కలకత్తాకు రాసుకొనేవాడు. చేపలకు, జనానికి ఈ ఏర్పాటు తెలియదు. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వాన పాయికుల తిరుగుబాటు లేచినప్పుడు, మద్రాసువైపు ఘుమ్సూరు కొండల నుంచి సుమారు 400 మంది కోదులు ఎల్ల దాటి బాణపురంమీద పడ్డారు. అక్కడి పోలీసు ఠాణాను తగులబెట్టారు. పటంలో గీసిన గీత వారిని ఆపలేదు.

ఈ ఏర్పాటులో గంజాం ఒడియావారికి జరిగిన కష్టాన్ని మనం మరువరాదు. జిల్లాలో ఒడియా మాట్లాడే జనం విస్తారంగా ఉన్నా, కచేరీలలో, బడులలో తెలుగు ఉద్యోగులదే పైచేయి. మద్రాసు దూరం, అక్కడ వారి భాష తెలిసినవారు లేరు. తమ పిల్లలు తమ అక్షరాలు నేర్చుకొనే వీలు తగ్గిపోతున్నదని వారు కలవరపడ్డారు. 1903 నాటికి ఆ కలవరం ఉద్యమమైంది. దానికి పునాది పడిన తావులలో ఈ రంభ మేడ ఒకటి. ఖల్లికోట రాజా హరిహర మర్దరాజు ఆదరణలో ఇక్కడ పెద్దలు కూడి ఆలోచించుకొన్నారు. గంజాం జాతీయ సమితి వెలసింది. అదే సంవత్సరం డిసెంబరులో మధుసూదన దాసుగారి నాయకత్వాన కటకంలో ఉత్కళ సమ్మేళనం మొదటి సభ జరిగింది. చెల్లాచెదరైన ఒడియా సీమలన్నీ ఒక పాలన కిందికి రావాలని వారి కోరిక. ఇటు మనవారు కూడా పదేండ్లు తిరగకుండానే, 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ జరిపి అదే కోరికను తమ విషయంలో వెలిబుచ్చారు. ఇద్దరి న్యాయమూ ఒక్కటే. చిక్కంతా గంజాం వంటి చోట్ల వచ్చింది. ఒకే వీధిలో రెండు భాషలు కాపురముంటే గీత ఏ ఇంటి గోడమీద గీయాలి?

1931-32లో ఒడానెల్ అధ్యక్షతన సరిహద్దు సంఘం తిరిగింది. రెండువైపులా మహజర్లు, సభలు, లెక్కలు. చివరకు 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, ఛత్రపురం, రంభ, పర్లాకిమిడి ఒడిషాలోకి వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులో మిగిలాయి. చిలికాకు రెండు గట్లూ ఒకే రాష్ట్రానివి అయ్యాయి. అన్నాళ్ళూ నీటిమీద ఉన్న ఎల్ల అక్కడినుంచి లేచి వచ్చి బరంపురానికి దక్షిణాన నేలమీద కూర్చున్నది. ఆనాడు కాలు కదపకుండానే మనవారు వేలకొలది ఒక రాష్ట్రం విడిచి మరొక రాష్ట్రంలోకి వచ్చారు. కదిలింది మనం కాము, గీత. మన సావనీర్లలో మనలను మనం ప్రవాసాంధ్రులమని రాసుకొంటాము గదా. చేనేతకు, రైలు ఉద్యోగాలకు, వర్తకానికి తరువాత వచ్చిన కుటుంబాలకు ఆ మాట సరిగానే అతుకుతుంది. పడవ సరంగు వంటి వారికి అతకదు.

ఆ మార్పును ఎవరు ఎట్లా తట్టుకొన్నారో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలును. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరి, అర్ధశతాబ్దానికి పైగా అక్కడే ఉండి, సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మహానుభావుడు. పర్లాకిమిడిని ఒడిషాలో చేర్చడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. చేర్చిన తరువాత, డెబ్బది దాటిన వయస్సులో, ఇల్లు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940లో కాలధర్మం చెందారు. ఇక పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిగారు ఒడిషా రాష్ట్రంకోసం పాటుపడి, 1937లో దానికి మొదటి ప్రధాని అయ్యారు. ఒకే ఊరివారు, ఒకరినొకరు ఎరిగినవారు. ఒకరికి ఆ రోజు పండుగ, ఒకరికి ప్రయాణం. ఇద్దరూ తమ భాషను ప్రేమించినవారే. ఎవరిని తప్పు పట్టగలము? ఒక్క సంగతి మాత్రం మనకు బోధపడుతున్నది. మన పిల్లలు బడిలో తెలుగు నేర్చుకొనే వీలు తగ్గిపోయిందని ఈనాడు మనం పడే బాధ, 1903లో రంభ మేడలో కూర్చున్న ఒడియా పెద్దలు పడిన బాధ ఒక్కటే. కాబట్టి ఆ బాధను వారికి చెప్పుకొంటే అర్థంకాని వారు కారు.

మధ్యాహ్నం బర్కుల్ చేరి కాళీజాయి దీవికి బయలుదేరాము. చిలికా నడుమ చిన్న కొండమీద ఉన్న ఈ గుడికి మకర సంక్రాంతినాడు వేలమంది వస్తారు. పడవవారు ఆ దేవతకు దండం పెట్టనిది పని మొదలుపెట్టరు. ఆమె కథ ఇది. బాణపురం వైపు పిల్ల జాయిని పరికుద దీవులలో ఒక ఇంటికి ఇచ్చారు. తండ్రి ఆమెను పడవమీద అత్తవారింటికి తీసుకొనిపోతుండగా నడినీటిలో గాలివాన పట్టింది. పడవ తలకిందులైంది. తండ్రి, పడవవారు బ్రతికి గట్టెక్కారు, జాయి కనిపించలేదు. తరువాత ఆ దీవి పక్కగా పోయే పడవవారికి ఆమె గొంతు వినబడేదట. అప్పటినుంచి ఆమెను కాళికతో కలిపి కాళీజాయి అని కొలుస్తున్నారు. పుట్టింటిని వదిలి, అత్తింటిని చేరక, నడుమ నీళ్ళలో నిలిచిపోయిన ఆడపిల్ల ఈ సరస్సుకు దేవత అయింది. మాతో వచ్చిన ఆడవారు గుడి మెట్లమీద ఈ కథ విని చాలాసేపు మాట్లాడలేదు.

జగన్నాథస్వామికి కూడా చిలికా ఆశ్రయమిచ్చిన తల్లి. పూరీమీద దాడులు జరిగినప్పుడల్లా పూజారులు విగ్రహాలను పడవలలో ఈ దీవులకు తరలించేవారు. 1568లో కాలాపహాడు దాడి చేసినప్పుడు పరికుద వైపు దాచారని మాదలా పంజి చెబుతున్నది. 1733లో మళ్ళీ ఆపద వచ్చినప్పుడు చిలికా దాటించి గంజాంలోని మర్ద గ్రామానికి తెచ్చారు. స్వామి 1736 దాకా అక్కడే ఉన్నాడు. ఆ గుడి ఇప్పుడు కూడా ఉన్నది. గర్భాలయంలో విగ్రహాలు మాత్రం లేవు. లోకనాథుడైనా కొన్నాళ్ళు పరాయిచోట తలదాచుకోవలసి వచ్చిందన్న మాట.

ఇంతటి చరిత్ర గల ఈ సరస్సు మన కళ్ళముందరనే చావుకు దగ్గరపడి బ్రతికింది. 1981లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద దీనిని ప్రపంచ ప్రాముఖ్యం గల జలభూమిగా గుర్తించారు. భారతదేశంలో ఆ గౌరవం మొదట పొందిన రెంటిలో ఇది ఒకటి. కాని నదులు తెచ్చే ఒండ్రు ఉత్తరాన పేరుకొన్నది. ఇసుక కదలిక వలన సముద్రపు గండి దూరం జరిగి, దానికి పోయే కాలువ పూడిపోయింది. ఉప్పునీరు లోపలికి రాక కలుపు అల్లుకొన్నది. చేపలు తగ్గాయి. 1993లో ప్రమాదంలో ఉన్న జలభూముల పట్టీకి చిలికా ఎక్కింది. 2000 సెప్టెంబరు 23న సతపడకు దగ్గరగా ఇసుక కట్టను తవ్వి కొత్త గండి తెరిచారు. అంతకుముందు సంవత్సరం సుమారు 1,700 టన్నులుగా ఉన్న చేపల రాబడి, 2001-02 నాటికి 12,000 టన్నులకు దగ్గరపడింది. 2002లో చిలికాను ప్రమాద పట్టీనుంచి తొలగించారు. ఆ పని చేసిన చిలికా అభివృద్ధి సంస్థకు రామ్‌సర్ బహుమానం వచ్చింది. సతపడ వైపు ఐరావదీ డాల్ఫిన్లు తిరుగుతాయి. శీతకాలంలో నలబణ దీవి చుట్టూ, ఇతర భాగాలలోను సైబీరియా, మంగోలియా మొదలైన దూరదేశాలనుంచి 10 లక్షల దరిదాపుల పక్షులు వచ్చి వాలుతున్నాయి. మేము పోయిననాడు నీరు కనబడనంతగా బాతులు కూర్చున్న తావులు చూచాము.

నీరు బాగుపడినంత మాత్రాన జాలరుల బ్రతుకు బాగుపడిందని అనుకోరాదు. ఏ కులంవారు ఏ వల వేయాలి, ఏ తావున వేయాలి అన్న కట్టుబాటు ఇక్కడ పూర్వంనుంచి ఉన్నది. రొయ్యకు ధర వచ్చిన తరువాత డబ్బు గలవారు సరస్సులో మళ్ళు కట్టి ఆ కట్టుబాటును తెంచివేశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ 1,000 మీటర్లలోపు రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పింది. మన పులికాట్‌కూ ఈ చిలికాకూ ఒకే తీర్పులో రక్ష దొరకడం గమనించదగినది. అయినా మళ్ళు పోలేదు. 1999 మే 29న సొరణ గ్రామంలో పోలీసు కాల్పులలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. కాళీజాయికి దండం పెట్టి పడవ తోసే వారి కష్టం విహారానికి వచ్చేవారికి కనబడదు. నావ దిగేటప్పుడు బేరమాడి పది రూపాయలు తగ్గించుకోవడం గొప్ప కాదని మా పిల్లలకు చెప్పాము.

మన కుటుంబాలవారికి రెండు మనవులు. చిలికాకు పోదలచినవారు కార్తీకం వెళ్ళిన తరువాత, మాఘం లోపుగా పోండి. అప్పుడే పక్షులు ఉంటాయి, గాలి నెమ్మదిగా ఉంటుంది. ఉదయం పూటే నావ ఎక్కండి. పెద్దవారినీ, వీలైతే ఒడియా ఇరుగుపొరుగు వారినీ వెంట తీసుకొనిపొండి. వారికి తెలిసిన కథ వారు చెబుతారు, మనకు తెలిసినది మనం చెప్పవచ్చు.

రెండవది అంతకంటె అవసరమైనది. 1936కు ముందు గంజాం జిల్లా మద్రాసులో ఉన్ననాటి దస్తావేజులు, తెలుగులో రాసిన క్రయపత్రాలు, బడి సర్టిఫికెట్లు, ఉత్తరాలు మన ఇండ్లలో అటకలమీద ఇంకా ఉన్నాయి. చెదలు తినకముందే వాటిని దింపి, వాటి నకళ్ళు సంఘానికి ఇవ్వండి. ఇంట్లో తొంభై దాటిన అవ్వగాని తాతగాని ఉంటే, ఎల్ల కదిలిన ఆ రోజులను గురించి వారి పెద్దలు ఏమి చెప్పేవారో అడిగి రాసి పంపండి. వచ్చే ఉగాది సంచికలో వాటికి చోటు ఉంచుతాము. ఈ ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే పొరుగువారి పణా సంక్రాంతి వస్తుంది. వారి పణా, మన పానకం ఒకే కుటుంబపు మాటలు. ఒకరింటికి ఒకరం గిన్నెలు పంపుకొనే ఆ రెండు వారాలలో ఈ పని మొదలుపెడితే, పొరుగింటి అటకమీద ఏమున్నదో కూడా తెలియవచ్చును.